స్వాల్‌బార్డ్‌కి జులైలో వెళ్దామంటోంది మా అమ్మాయి. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర ఒక ఊరు. మా వారికి రొయ్యల చెరువులు, నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతోంది. వచ్చే జులైకి మా పెళ్లయి పాతికేళ్లు. మమ్మల్ని అక్కడికి రప్పించుకుని ఎక్కడికైనా తిప్పాలని దాని సరదా. "స్విట్జర్లాండ్‌కి అందరూ వెళతారమ్మా, మనం స్వాల్‌బార్డ్ వెళ్దాం" అని పట్టుకు కూర్చుంది. పటం తీసి చూస్తే నార్వేకి కూడా ఇంకా పైన, సముద్రం మధ్యలో ఉన్నాయి ఆ దీవులు. అక్కడి ఊరి పేరు లాంగియర్‌బ్యెన్ అట. నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది.

ఇప్పటిదాకా మేం చూసిన పెద్ద చలి అరకులో డిసెంబరు నెల. అప్పుడే మా వారు దుప్పటి కప్పుకుని టీ తాగారు, ఫొటో ఉంది.

నా సందేహాలు ఇవండి. ఒక ప్యాకేజీలో ఆ ఊళ్లో ఒక్క రాత్రి పడుకోబెట్టి, మర్నాడు ఓడెక్కించి ఐదారు రోజులు దీవుల చుట్టూ తిప్పుతారట. ఖరీదు విని మా వారు "రెండెకరాల పట్టుబడి పోతుంది" అన్నారు. ఓడ మానేసి ఊళ్లోనే నాలుగు రోజులు ఉంటే చూడ్డానికి ఏమైనా ఉంటుందా, లేక గదిలో కూర్చోవడమేనా? వీసా అక్కర్లేదని ఒకరు, కావాలని ఒకరు అంటున్నారు. ఏది నిజం? నేను శాకాహారిని, మా వారికి చేప లేకపోతే ముద్ద దిగదు. మా ఇద్దరి గతేమిటి? ఎలుగుబంట్ల సంగతి కూడా చెప్పండి. అమ్మాయి నవ్వేస్తోంది గానీ నాకు అదే టెన్షన్.

లంక బాబు:

అన్ని లక్షలు పోసి మంచు చూడాలా మేడమ్? ఫ్రిజ్ తలుపు తీస్తే సరిపోదా. పాపికొండలు చూశారా ముందు?

గోదారి గట్టు:

నాలుగుసార్లు చూశాం బాబూ. ఐదోసారి నువ్వు తీసుకెళ్లు.

పెనుగొండ పాస్‌బుక్:

అమ్మా, 2023 జులై మొదటి వారంలో నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. నేను బ్యాంకులో ముప్ఫయి నాలుగేళ్లు చేసి రిటైరయినవాణ్ని. మోకాళ్లు అంతంతమాత్రం. మాకు కుదిరింది కాబట్టి మీకు హాయిగా కుదురుతుంది. రాత్రి కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

ముందు తేల్చి చెప్పేస్తాను. ఓడ మానేసి నాలుగు రోజులూ ఆ ఊళ్లోనే ఉండండి. ఆ ఊరిని రైలు మారే స్టేషన్‌లా చూసి వెళ్లిపోతే డబ్బు దండగ. ఈ తెలివి నాకు మొదట లేదు. రెండో రోజుకి పడవ ప్రయాణం కట్టుకున్నాం. మా పెట్టె విమానంలో రాలేదు. ఏ విమానమో చెప్పను, మర్నాటి సాయంత్రానికి మర్యాదగానే తెచ్చి ఇచ్చారు. కానీ స్వెట్టర్లన్నీ ఆ పెట్టెలోనే. ఒంటి మీది బట్టలతో పడవ ఎక్కలేక ఆ టిక్కెట్లు వదులుకున్నాం. మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. చేసేది లేక హోటల్‌వాళ్ల దగ్గర రెండు జాకెట్లు అడిగి తీసుకుని ఊరంతా నడిచాం. ఇప్పుడు తల్చుకుంటే పడవల కంటే ఆ రోజే ఎక్కువ గుర్తుంది. అందుకని ఉన్ని బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి, పెట్టెలో వేయకండి.

వీసా. మీకు చెప్పిన ఇద్దరిదీ నిజమే. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో స్వాల్‌బార్డ్ ఒప్పందం అని ఒకటి అయింది. దీవులు నార్వేవే, కానీ సంతకం చేసిన దేశాల వాళ్లందరికీ అక్కడ ఉండడానికి, పని చేసుకోవడానికి సమాన హక్కు. అప్పటి బ్రిటిష్ ఇండియా తరఫున కూడా సంతకం ఉంది. అంటే మనం కూడా ఆ లెక్కలోకి వస్తాం. ఆ దీవుల్లో దిగడానికి వీసా అడగరు. సొంతంగా బతకగలిగితే ఎన్నాళ్లయినా ఉండొచ్చు, తిండికి గతి లేకపోతే మాత్రం అక్కడి గవర్నరు పంపించేస్తాడు. బాగానే ఉంది. కానీ అక్కడికి దిగాలంటే నార్వేలోని ఓస్లో మీదుగానో ట్రోమ్సో మీదుగానో వెళ్లాలి కదా, దానికి షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి. మెలిక ఇక్కడే. స్వాల్‌బార్డ్ షెంగెన్ లోపల లేదు. ఓస్లోలో విమానం ఎక్కేటప్పుడు పాస్‌పోర్టు చూసి షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టు నమోదు చేస్తారు. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా అయితే దాని పని అక్కడితో సరి, తిరిగి ఓస్లోలో దిగనివ్వరు. మా ఏజెంటు ఒకసారి ప్రవేశానికే ఫారం నింపాడు. సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదవడం నాకు ఉద్యోగంలో పట్టిన జబ్బు, దానివల్ల బతికిపోయాం. మీరు ఎక్కువ రోజులు జర్మనీలో ఉంటారు కాబట్టి జర్మనీ వాళ్లకే పెట్టుకోండి. రెండుసార్లకో, అంతకంటే ఎక్కువసార్లకో అని రాయించుకోండి. స్వాల్‌బార్డ్ వెళ్లి తిరిగొస్తామని కవరింగ్ లెటర్లో స్పష్టంగా రాయండి.

ఓస్లో నుంచి మూడు గంటల విమానం. దిగగానే లగేజీ బెల్టు మధ్యలో గడ్డి కూరిన తెల్ల ఎలుగుబంటి నిలబడి ఉంటుంది. పెట్టె రాని వాళ్లకి దాన్ని చూస్తూ నిలబడే భాగ్యం ఎక్కువసేపు. అక్కణ్ణించి ఊరు ఐదు కిలోమీటర్లు, విమానం వేళకి బస్సు ఉంటుంది.

ఊరు ఎలా ఉంటుందంటే, రెండు కొండల మధ్య లోయ, కింద సముద్రపు పాయ. జనం రెండున్నర వేలు. మన పెనుగొండలో శుక్రవారం గుడి దగ్గర అంతకంటే ఎక్కువ ఉంటారు. చెట్టు అన్నది లేదు. కొబ్బరి చెట్లలో పుట్టి పెరిగిన కళ్లకి మొదటి రోజు అదే పెద్ద లోటు. ఎటు చూసినా ఏదో తీసేసినట్టు ఉంటుంది. ఇళ్లన్నీ ఎర్రవి, పసుపువి, పచ్చవి, కర్రల మీద నిలబెట్టినవి. నేల అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుందట. ఇంటి వేడి తగిలి నేల కరిగితే ఇల్లు కుంగుతుందని గుంజల మీద లేపి కడతారు. నీళ్ల గొట్టాలు కూడా పాతరు, నేల మీదే పరిచేస్తారు. మనం లంకల్లో వరదకి భయపడి ఎత్తు మీద కడితే వాళ్లు కాళ్ల కింద మంచుకి భయపడి కట్టారు.

ఆ ఊరు బొగ్గు కోసం పుట్టింది. జాన్ మన్రో లాంగియర్ అని అమెరికాలో ఒక షావుకారు, 1901లో మనలాగే చూడ్డానికి వచ్చాడు. బొగ్గు కనబడింది. 1906లో గని తవ్వాడు. 1916లో నార్వే వాళ్లకి అమ్మేశాడు. పేరు మాత్రం ఉండిపోయింది. కొండ పక్కన పాత రోప్‌వే కర్ర స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటిని ముట్టుకోకూడదు. 1946కి ముందుది ఏదైనా సరే అక్కడ చట్టం కాపాడుతుంది. తుప్పు మేకు దొరికినా జేబులో వేసుకోకూడదు. మేం వెళ్లినప్పుడు బొగ్గు కరెంటు కేంద్రం ఇంకా పొగ వదులుతూనే ఉంది. ఆ అక్టోబరులో దాన్ని ఆపి డీజిల్‌కి మారారు. ఆఖరి నార్వే గని, ఏడో నంబరుది, 2025లో మూసేశారు. నూట పందొమ్మిదేళ్ల ఖాతా క్లోజయింది.

బొగ్గు పోయింది గానీ బొగ్గు అలవాటు ఒకటి మిగిలింది, అదే మా ఆవిడకి తెగ నచ్చింది. గనిలోంచి వచ్చినవాళ్లు ఇంట్లో మసి పడకుండా గుమ్మంలో జోళ్లు విప్పేవారట. ఇప్పటికీ మ్యూజియంలో, చాలా హోటళ్లలో గుమ్మం దగ్గరే విప్పాలి. నేను చూసిన విదేశాల్లో చెప్పులు బయట విప్పమన్నది అదొక్కటే. అయితే నా కుడి మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ ముందు, పది దేశాల వాళ్ల మధ్య, ఆ వేలు ముడుచుకుని నిలబడ్డాను. కొత్త మేజోళ్లు ఒక డజను కొనుక్కోండి.

మ్యూజియం చిన్నదే, రెండు గంటలు పెట్టుకోండి, తిమింగిలాలు పట్టినవాళ్ల దగ్గర్నుంచి గనుల దాకా ఉంటుంది.

జులైలో సూర్యుడు మునగడు. ఏప్రిల్ 20 ప్రాంతంలో పైకొచ్చినవాడు ఆగస్టు ఇరవై దాటితే గానీ దిగడు. అర్ధరాత్రి పన్నెండుకి పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మా ఆవిడకి సందె దీపం ఎప్పుడు పెట్టాలన్నది పెద్ద సమస్యయింది. చివరికి ఫోన్లో మన టైము చూసి, ఇక్కడ ఆరున్నర అయినప్పుడు, అంటే అక్కడ మధ్యాహ్నం మూడింటికి, ఉత్తినే దణ్ణం పెట్టుకుంది. నిద్రకి కర్టెన్లు బిగించుకోవాలి, కళ్లకి కట్టుకునే గుడ్డ కూడా పట్టుకెళ్లండి. అదే చలికాలమైతే అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి సగం దాకా సూర్యుడే రాడు. కొండ అడ్డం కాబట్టి ఊళ్లోకి ఎండ మార్చి 8న వస్తుంది. పాత ఆసుపత్రి మెట్ల దగ్గర ఊరంతా పోగై ఎదురుచూస్తారట. ఆ మెట్లు చూశాం.

చలి మీరనుకున్నంత లేదు. జులైలో ఆరేడు డిగ్రీలు. కానీ గాలి ఉంది చూశారూ, అది చెవుల్లోంచి దూరి మోకాళ్లలోంచి వస్తుంది. ఒక్క లావు కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలు. లోపల ఉన్ని బనీను, మధ్యలో స్వెట్టరు, పైన గాలి, వాన ఆగే జాకెట్. నూలు బనీను వద్దు, చెమట పడితే ఆరదు. మీ వారి మంకీ క్యాపు తప్పకుండా తీసుకెళ్లండి, సిగ్గు పడొద్దు. దాని ముందు వాళ్ల టోపీలు ఎందుకూ పనికిరావు.

ఇక నేను అసలు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మా నాన్నగారిది మార్టేరు పక్కన నాలుగెకరాల వరి. 86 ఆగస్టు వరదకి నాట్లన్నీ పోయాయి. మళ్లీ నారు పోద్దామంటే విత్తనం లేదు. పురిలో దాచింది కూడా నీళ్లెక్కి మొలకెత్తేసింది. సైకిలేసుకుని మార్టేరు పరిశోధన కేంద్రం చుట్టూ, బంధువుల ఇళ్ల చుట్టూ తిరిగి మూడు బస్తాల స్వర్ణ సంపాదించారు. స్వర్ణ అంటే ఎమ్‌టీయూ 7029, 1982లో ఆ మార్టేరు నుంచే వచ్చింది, తెలుసు కదా. అప్పట్నుంచి ఆయన చెల్లెళ్ల ఇళ్లలో కూడా ఒక్కో బస్తా విత్తనం దాయించేవారు. "ఒక్క చోట పెట్టకూడదురా" అనేవారు. బ్యాంకులో ఉండి కూడా ఆ ముక్క నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

2008 ఫిబ్రవరి 26న ఆ లాంగియర్‌బ్యెన్ కొండలో ప్రపంచంలోని విత్తనాలన్నీ దాచే పాతర తెరిచారని పేపర్లో చదివినప్పుడే అనుకున్నాను, రిటైరయ్యాక చూడాలని. ఇసుకరాయి కొండలోకి వంద మీటర్లకు పైగా సొరంగం. కొండ తనంతట తానే సున్నాకి కింద మూడు నాలుగు డిగ్రీలు ఉంటుంది. మర పెట్టి మైనస్ 18కి తెస్తారు. పది లక్షలకు పైగా నమూనాలు ఉన్నాయి. ఫిలిప్పీన్స్ వరి పరిశోధన సంస్థ నుంచి వేలకొద్దీ వరి రకాలు వెళ్లాయి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వెళ్లాయి. బ్యాంకు లాకరు పద్ధతే. పెట్టె ఎవరిదో విత్తనం వాళ్లదే, నార్వే వాళ్లు మూత తీయరు. 2015లో సిరియా యుద్ధంలో అలెప్పోలోని విత్తన కేంద్రం అందకుండా పోతే వాళ్లు వచ్చి తమ పెట్టెలు తీసుకెళ్లారు. వాటిని మళ్లీ పండించి కొత్త విత్తనం తెచ్చి జమ చేశారు. మొదటి విత్‌డ్రాయల్ అదే.

టాక్సీలో వెళ్లాం. లోపలికి ఎవరినీ రానివ్వరు, ముందే తెలుసు. కొండలోంచి పొడుచుకొచ్చిన ఒక సన్నటి కాంక్రీటు గోడ, దానికో తలుపు, పైన మెరిసే అద్దం ముక్కలు. అంతే. టాక్సీ మీటరు తిరుగుతోంది. మా ఆవిడ "దీనికా ఇంత దూరం?" అంది. నేను తలుపు ముందు నాలుగు నిమిషాలు నిలబడ్డాను. అమ్మా, మీకు అది నచ్చుతుందని నేను హామీ ఇవ్వలేను. చూడ్డానికి అక్కడ నిజంగా ఏమీ లేదు. కానీ నాకు మా మేనత్త ఇంటి అటక మీది బస్తా కనబడింది. ఇంకో పదిసార్లు వెళ్లినా మళ్లీ వెళతాను.

ఎలుగుబంటి గురించి. ఊళ్లో తిరిగితే భయం లేదు. ఊరి చివర ఎర్ర అంచు ముక్కోణంలో తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఉన్న బోర్డు ఉంటుంది, ఈ హెచ్చరిక మొత్తం స్వాల్‌బార్డ్‌కి అని దాని కింద రాసి ఉంటుంది. ఆ బోర్డు దాటితే తుపాకీ ఉన్న గైడు లేకుండా అడుగు వేయకూడదు. సూపర్ మార్కెట్ గుమ్మంలో "తుపాకులు లోపలికి తేవద్దు" అని రాసి ఉంటే నవ్వొచ్చింది. నన్ను అసలు కరిచినంత పని చేసింది ఎలుగు కాదు, ధ్రువపు ఆల అని గుప్పెడంత తెల్ల పిట్ట. జులైలో రోడ్డు పక్కనే గుడ్లు పెడుతుంది. దగ్గరికెళితే నెత్తి మీద టకటకా పొడుస్తుంది. దానికి మందేమిటంటే చెయ్యో కర్రో నెత్తి కంటే ఎత్తుగా పట్టుకోవడం. అది ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తుంది. మా ఆవిడ గొడుగు ఎత్తి పట్టుకుని నడిచింది.

రోజు ప్రయాణాలు రెండు చేయండి. ఒకటి పిరమిడెన్. సోవియట్ వాళ్ల బొగ్గు ఊరు, 1998లో ఖాళీ చేసి వెళ్లిపోయారు. లెనిన్ విగ్రహం ఒక్కడే ఎదురుగా మంచునదిని చూస్తూ ఉంటాడు. ఊరి నడిబొడ్డున గడ్డి కోసం ఓడల్లో మట్టి తెప్పించారట. డెల్టా వాడికి మట్టి విలువ అప్పుడు తెలుస్తుంది. రెండోది కుదిరితే నీ-ఆలెసుండ్, పరిశోధన కేంద్రాలున్న చిన్న ఊరు. ఊరికి వాయవ్యంగా వంద కిలోమీటర్ల పైన, పొద్దున్న పడవెక్కితే రాత్రి దాకా పడుతుంది. మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి అక్కడే ఉంది, 2008 జులై 1న తెరిచారు, ఉత్తర ధ్రువానికి పన్నెండు వందల కిలోమీటర్లు. పక్కనే చైనా వాళ్ల కేంద్రం, గుమ్మంలో రెండు రాతి సింహాలు. మనది చిన్న ఎర్ర కర్ర ఇల్లు, హంగూ ఆర్భాటం లేదు. దిగేముందు ఫోన్లలో వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపించేస్తారు, అక్కడి రేడియో పరికరాలకి అడ్డమని. కాబట్టి అక్కణ్ణించి స్టేటస్ పెడదామనుకోకండి. 1926లో నార్వే యాత్రికుడు అముండ్‌సెన్, ఇటలీ వాడు నొబిలే, వాళ్ల బృందం ధ్రువం మీదుగా వెళ్లిన గాలిఓడని, అంటే ఎయిర్‌షిప్‌ని, కట్టిన ఇనుప స్తంభం ఊరి చివర ఇంకా ఉంది.

తిండి విషయం. ఊళ్లో థాయ్‌లాండ్ వాళ్లు చాలామంది స్థిరపడ్డారు, కాబట్టి అన్నం దొరుకుతుంది. మీ వారికి చేప ఢోకా లేదు, పులుసు ఆశించకపోతే చాలు. మామూలు భోజనం మన డబ్బుల్లో రెండు వేల పైమాటే, మీరు లెక్కలేసుకోకండి, ముద్ద దిగదు. వంటగది ఉన్న బస చూసుకుని సూపర్ మార్కెట్లో కూర కొనుక్కోండి. కందిపొడి, కరివేపాకు పొడి, అప్పడాలు పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం ఐరోపాలోకి తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో పారేయిస్తారు. మా ఆవిడ నేతి సీసా ఫ్రాంక్‌ఫర్ట్‌లో పోయింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎత్తకూడదు.

నరసాపురం గ్యాలీ:

పాస్‌బుక్ గారు అంతా చెప్పేశారు. నేను అవతలి కొన నుంచి రెండు ముక్కలు. ఓడలో వంటింట్లో రెండు సీజన్లు చేశానండి, ఉషుఆయా నుంచి అంటార్కిటికాకి. మేడమ్ అడగలేదు గానీ, ఎవరైనా "స్వాల్‌బార్డ్ ఎందుకు, అంటార్కిటికాయే వెళ్లండి" అంటే మోసపోకండి. జులైలో అక్కడ నడి చలికాలం, ఓడలే ఉండవు. నవంబరు నుంచి మార్చి దాకానే.

ఉషుఆయా అర్జెంటీనా కొసన ఉంటుంది. బీగిల్ పాయ ఒడ్డు, వెనక మంచు కొండలు. ఒకప్పుడు ఖైదీలని పంపిన ఊరు. ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. ఖైదీలతో కట్టెలు మోయించిన చిన్న రైలు దారిలోనే ఇప్పుడు టూరిస్టులు రైలెక్కి ఫొటోలు దిగుతున్నారు. ప్రపంచం అంచు అని బోర్డు పెట్టారు. అక్కడ కూడా అంతే, చాలామంది పొద్దున్న దిగి సాయంత్రం ఓడెక్కేస్తారు. ఊరు చూసినవాడు పదిమందికి ఒకడు.

ఆ తర్వాత డ్రేక్ జలసంధి, అంటార్కిటికాకి ముందు దాటాల్సిన సముద్రం. వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. అంతర్వేది దగ్గర సముద్రం పోటు చూసి ఇదేనా అనుకునేవాణ్ని. డ్రేక్‌లో మేం గిన్నెలకి కడ్డీలు అడ్డం పెట్టి వండేవాళ్లం, సగం నింపిన సూపు కూడా గోడకే వెళ్లేది. డైనింగ్ హాల్లో వందమంది తినాల్సిన చోట ఇరవైమంది వచ్చేవారు. మిగతావాళ్లకి రొట్టెముక్క, అల్లం టీ గదికి పంపడమే. ఆ లెక్కన స్వాల్‌బార్డ్ పాయల్లో పడవ కోటిపల్లి రేవు దాటినంత సుఖం.

అన్నట్టు ఐదొందల మందికి పైగా ఎక్కించుకున్న ఓడ నుంచి అంటార్కిటికాలో దిగనివ్వరు. ఒకసారికి వందమందినే ఒడ్డుకి పంపుతారు. పెద్ద ఓడ చవగ్గా ఉందని కొన్నవాళ్లు కిటికీలోంచి చూసి రావడమే. స్వాల్‌బార్డ్‌లో కూడా 2025 నుంచి రక్షిత ప్రాంతాల్లోకి రెండొందల మందికి మించిన ఓడలు వెళ్లకూడదని పెట్టారు. ఎలుగుబంటికి మూడొందల మీటర్ల దూరంలో ఆగాలి, మార్చి నుంచి జూన్ దాకా ఐదొందలు. "దగ్గర్నుంచి చూపిస్తాం" అని బ్రోచర్లో రాసినవాడు అబద్ధం చెబుతున్నాడని అర్థం.

పాస్‌బుక్ గారిని పొడిచిన పిట్ట చలికాలం గడపడానికి మా అంటార్కిటికా సముద్రం దాకా వస్తుందండి, ఏటా. రెండుసార్ల ప్రవేశం వీసా పుట్టుకతోనే ఉంది దానికి.

గోదారి గట్టు:

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదండి. మా వారికి చదివి వినిపించాను. విత్తనాల పాతర దగ్గర ఆయన సెల్‌ఫోన్ పక్కన పెట్టారు, అది చాలా అరుదు. "రొయ్య పిల్లలకి కూడా అలాంటిది ఉంటే బాగుణ్ను" అన్నారు. ఓడ ప్యాకేజీ మానేశాం. నాలుగు రాత్రులు ఊళ్లోనే.

ఇంకో రెండు ప్రశ్నలండి. ఆ ఊళ్లో చనిపోవడం నేరమని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా? మా వారికి బీపీ ఉంది, అందుకని అడుగుతున్నాను. పదిరోజులు ఆయన లేకపోతే చెరువులు ఎలా అన్నది రెండోది, అది మిమ్మల్ని అడగకూడదనుకోండి.

పెనుగొండ పాస్‌బుక్:

చనిపోవడం నేరమేమీ కాదమ్మా, వీడియోల వాళ్లు పోపు పెట్టారు. అసలు విషయం ఇది. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పాతిపెట్టింది కుళ్లదు, పైగా మంచు ఉబ్బి పెట్టెల్ని మెల్లగా పైకి నెడుతుంది. అందుకని శవపేటికలు పాతడం ఎప్పుడో ఆపేశారు, అస్థికల కలశం అయితే పెట్టనిస్తారు. 1918 ఫ్లూకి పోయిన ఏడుగురు కుర్రాళ్ల సమాధులు అక్కడున్నాయి. 1998లో శాస్త్రవేత్తలు వచ్చి ఆ వైరస్ కోసం తవ్వి చూశారు. తెల్ల శిలువలు వరసగా కనబడతాయి, కొండ వాలులో. అక్కడ వృద్ధాశ్రమం లేదు. ముసలివాళ్లు ప్రధాన భూభాగానికి వెళ్లిపోతారు. కాన్పుకి కూడా కొన్ని వారాల ముందే గర్భిణుల్ని ట్రోమ్సో పంపుతారు. పుట్టుకా చావూ రెండూ వేరే ఊళ్లోనే. మా ఆవిడ అది విని "ఇది ఊరు కాదు, క్యాంపు" అంది. నాకూ కాదనడానికి మాట దొరకలేదు.

ఆసుపత్రి ఉంది, చిన్నది. గుండె, పక్షవాతం లాంటివి వస్తే విమానంలో ట్రోమ్సో తీసుకెళతారు. ఆ విమానం ఖర్చు కూడా వచ్చే ఇన్సూరెన్స్ తీసుకోండి, పాలసీలో ఆ వాక్యం మీ కళ్లతో చదవండి. బీపీ మాత్రలు రెండు చోట్ల పెట్టుకోండి, సగం మీ సంచిలో, సగం ఆయన జేబులో. ఒక్క చోట పెట్టకూడదు.

చెరువుల సంగతి నాకు తెలియదు గానీ, అప్పు ఇచ్చిన అనుభవం మీద చెబుతాను. జూన్ ఆఖరుకి పట్టుబడి అయిపోయేలా రొయ్య పిల్ల వేసుకునే రోజు ఇప్పుడే లెక్క చూసుకోండి. రొయ్య సగమే ఎదిగిన చెరువుని వదిలి వచ్చిన మనిషి మంచునది ముందు నిలబడి కూడా చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ల గురించే ఫోన్ చేస్తాడు.

గోదారి గట్టు:

అచ్చం అలాంటి మనిషేనండి. పిల్ల ఫిబ్రవరి ఆఖర్లో వేస్తామన్నారు, క్యాలెండర్ మీద గీత కూడా గీశారు. వీసా ఫారం రాత్రి అమ్మాయి, నేను వీడియో కాల్‌లో నింపాం, ఎక్కువసార్ల ప్రవేశం గడీలో టిక్ పెట్టి మూడుసార్లు చూసుకున్నాను. మేజోళ్లు నిన్న అమలాపురంలో కొన్నాను, డజను. నెయ్యి తీసుకెళ్లడం లేదు.

లంక బాబు:

మేడమ్, చెరువులు నేను చూసుకుంటాను. మేత, చెక్‌ట్రేలు, ఏరియేటర్లు అన్నీ తెలుసు. వచ్చేటప్పుడు ఆ తుప్పు మేకు ఒకటి...

పెనుగొండ పాస్‌బుక్:

వద్దు బాబూ. కేసవుతుంది.